వీడియో గేమ్ సిరీస్‌ల పునరాగమనం: అభిమానుల ఆశ, అనుమానం

ఆగిపోయిన, మూలపడిన, లేదా చెడ్డపేరు తెచ్చుకున్న వీడియో గేమ్ సిరీస్‌ను ఒక సంస్థ మళ్ళీ మార్కెట్లోకి తేవడం గత పాతికేళ్ళుగా ఆ పరిశ్రమలో మామూలైపోయింది. ప్రకటన వెలువడిన రోజు నుంచి గేమ్ చేతికొచ్చేదాకా పాత అభిమానుల్లో రెండు భావాలు కలిసే నడుస్తాయి: ఎన్నాళ్ళుగానో కోరుకున్నది దొరుకుతోందన్న సంబరం, దాన్ని పాడుచేస్తారేమోనన్న బెంగ. ఈ బెంగ పిటిషన్లుగా, ట్రైలర్ల కింద డిస్‌లైకులుగా, రీఫండ్ల కోసం వరసకట్టడంగా బయటపడుతూ వచ్చింది. ఒకటి రెండుసార్లు గేమ్ రూపురేఖలనే మార్పించింది. ఆ చరిత్రను దగ్గరగా చూస్తే ఒక తేడా కనిపిస్తుంది. గేమ్ రూపం మారుతోందని అభిమానులు పడ్డ భయాలు చాలాసార్లు వట్టివని తేలాయి. గేమ్‌ను అమ్మే షరతుల మీద పెంచుకున్న అనుమానాలు మాత్రం తరచుగా నిజమయ్యాయి.

రకాలు

పాత గేమ్‌ను అలాగే ఉంచి కొత్త తెరలకు తగ్గట్టు మెరుగులు దిద్దితే రీమాస్టర్. అదే కథను, అదే స్థలాలను పునాదుల నుంచి మళ్ళీ కడితే రీమేక్. 1998 నాటి రెసిడెంట్ ఈవిల్ 2ను క్యాప్‌కామ్ 2019 జనవరిలో తిరిగి తెచ్చిన తీరు దీనికి మంచి ఉదాహరణ. పేరు మిగిల్చి కథను మొదటికి తెస్తే రీబూట్. ఏళ్ళు గడిచాక వచ్చే తరవాతి భాగం సీక్వెల్. పేరు మీద హక్కులేని పాత తయారీదారులు వేరే పేరుతో అదే తరహా గేమ్ చేయడం ఇంకో దారి. క్యాసిల్‌వేనియా హక్కులు కొనామీ దగ్గరే ఉండిపోగా, ఆ సిరీస్‌కు పేరు తెచ్చిన కోజి ఇగరాషి బయటికొచ్చి బ్లడ్‌స్టెయిన్డ్ చేసింది ఈ దారిలోనే.

ప్రకటనల్లో ఉన్నంత శుభ్రంగా ఈ విభజన ఆచరణలో ఉండదు. రీమేక్ అని పేరులోనే పెట్టుకున్న ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ పాత కథను కావాలనే దారి మళ్ళించింది. 2018లో వచ్చిన గాడ్ ఆఫ్ వార్ పాత కథకు కొనసాగింపే అయినా కెమెరా, పోరాటం, నాయకుడి స్వభావం అన్నిటినీ మార్చేసింది. అమ్మేవారు చెప్పేది ఒకటి, కొనేవారు ఆశించేది ఇంకొకటి కావడం వల్లనే సగం తగాదాలు మొదలవుతాయి.

పాతది పాతదిగా దొరకదు

పునర్విడుదలలు తెలుగు ప్రేక్షకులకు కొత్త కాదు. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు ‘పోకిరి’ని మళ్ళీ థియేటర్లలో వేసినప్పుడు జనం చూసింది 2006లో చూసిన సినిమానే, బొమ్మ మెరుగైందంతే. గేమ్‌కు ఆ వీలు తక్కువ. అది నడవాలంటే అప్పటి కన్సోలో, అప్పటి విండోసో, అప్పటి సర్వరో ఉండాలి. అమెరికాలో 2010కి ముందు విడుదలైన గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు మార్కెట్లో కొనుక్కోవడానికి దొరకవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. అందువల్ల కొత్తతరానికి రీమేకే అసలు గేమ్ అయి కూర్చుంటుంది. అది బాగాలేకపోతే పాతదాని దగ్గరికి తిరిగి వెళ్ళే దారి కూడా మూసుకుపోయి ఉండవచ్చు.

ఇంకో చిక్కు వేళ్ళకు సంబంధించింది. ఎగిరే ఎత్తు, పరుగు అందుకోవడానికి పట్టే క్షణం, వాలులో దిగుతుంటే పెరిగే వేగం వంటివి ఆడినవారికి మాటల్లో చెప్పడం రాకపోయినా చేతికి గుర్తుంటాయి. సెగా 2010లో సోనిక్ ది హెడ్జ్‌హాగ్ 4 తెచ్చినప్పుడు బొమ్మలు పాతవాటినే తలపించినా, సోనిక్ పరుగులో పాత ఊపు లేదని అభిమానులు వెంటనే పట్టేశారు. బయటివారికి ఇది చాదస్తంలా అనిపించింది గాని, ఆ ఫిర్యాదులో పస ఉంది.

సంస్థల లెక్క వేరు. పెద్ద గేమ్‌కు కోట్ల డాలర్లు, నాలుగైదేళ్ళు పడతాయి. కొత్త పేరును జనానికి అలవాటు చేయడం కన్నా తెలిసిన పేరుతో రావడం క్షేమం. పైగా దివాలా తీసిన సంస్థల దగ్గర పేర్లు చవగ్గా దొరుకుతాయి. టీహెచ్‌క్యూ కూలిపోయినప్పుడు 1999 నాటి అంతరిక్ష యుద్ధ గేమ్ హోమ్‌వరల్డ్ హక్కులను గేర్‌బాక్స్ 2013లో 13.5 లక్షల డాలర్లకే కొంది. ఇలా చేతులు మారిన పేరు వెంట దాన్ని తయారుచేసిన మనుషులు రారు. అందుకే ఏ ప్రకటన విన్నా పాత అభిమాని ముందు అడిగేది, ఎవరు చేస్తున్నారని.

ఫాల్అవుట్ 3

ఈ ప్రశ్న చుట్టూ జరిగిన గొడవల్లో ఎక్కువగా చెప్పుకోవలసింది ఫాల్అవుట్‌ది. ఇంటర్‌ప్లే సంస్థ 1997లో మొదటి భాగాన్ని, 1998లో రెండోదాన్ని తెచ్చింది. అణుయుద్ధం తరవాత మిగిలిన అమెరికా, పైనుంచి వాలుగా కనబడే ఎడారి, వంతులవారీగా సాగే పోరాటం, తుపాకీ తీయకుండా మాటలతోనే గట్టెక్కగలిగే సంభాషణలు వాటి గుర్తులు. డబ్బు చిక్కుల్లో పడ్డ ఇంటర్‌ప్లే 2003 డిసెంబరులో తన బ్లాక్ ఐల్ స్టూడియోను మూసేసింది. అక్కడ వాన్ బ్యూరెన్ అనే గుట్టుపేరుతో తయారవుతున్న మూడో భాగం అంతటితో ఆగిపోయింది. 2004లో బెథెస్డా లైసెన్సు తీసుకుంది, 2007లో 57.5 లక్షల డాలర్లిచ్చి సిరీస్‌నే కొనేసింది.

బెథెస్డా అప్పటికే ఎల్డర్ స్క్రోల్స్ గేమ్‌లతో పేరు గడించింది. 2006లో వచ్చిన అబ్లివియన్ అందరి నోళ్ళలో నానుతోంది. ఫాల్అవుట్ 3ను ఆటగాడి కంటి ఎత్తు నుంచి చూపిస్తారని, వంతులవారీ పోరాటం ఉండదని తెలియగానే పాత అభిమానులు దానికి ‘తుపాకులున్న అబ్లివియన్’ అని పేరు పెట్టారు. 2008 అక్టోబరులో గేమ్ వచ్చింది. విమర్శకులు మెచ్చారు, కొత్తగా వచ్చిన ఆటగాళ్ళ సంఖ్య పాతవారిని మించిపోయింది, సిరీస్‌కు రెండో జన్మ దొరికింది. అయినా పాతవారిలో చాలామంది చల్లబడలేదు.

వాళ్ళ కోపంలో రెండు ఫిర్యాదులు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి కెమెరా మీద. రెండోది రాత మీద: మాటలకు, నిర్ణయాలకు పాత బరువు లేదని. ఏది సరైన ఫిర్యాదో రెండేళ్ళకు తేలింది. బ్లాక్ ఐల్ నుంచి వచ్చినవారు ఉన్న అబ్సిడియన్ స్టూడియో 2010లో ఫాల్అవుట్: న్యూ వెగాస్ చేసింది. యంత్రాంగం మొత్తం ఫాల్అవుట్ 3దే, అదే కెమెరా, అదే తుపాకులు. వాన్ బ్యూరెన్ కోసం అప్పట్లో అనుకున్న సీజర్ దండు, హూవర్ డ్యామ్ వంటివి అందులో చోటుచేసుకున్నాయి. పాత అభిమానులు దాన్ని తమదిగా ఒప్పుకున్నారు. కెమెరా గురించి చేసిన రభస అనవసరమని, రాత గురించి అన్న మాటలు సబబేనని అప్పుడు తెలిసింది.

ఈ గేమ్‌కు భారతదేశంతో ఒక చిత్రమైన ముడి ఉంది. 2008 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ ఇక్కడి సాంస్కృతిక సున్నితత్వాలను కారణంగా చూపి ఎక్స్‌బాక్స్ 360 ఫాల్అవుట్ 3ను మన దేశంలో విడుదల చేయలేదు. ఏది అంత సున్నితమో సంస్థ విడమరచి చెప్పలేదు. గేమ్‌లో రెండు తలల ఆవులకు బ్రాహ్మిన్ అని పేరుండటమే కారణమని అందరూ అనుకున్నారు. ఆ పేరు 1997 నాటి మొదటి భాగం నుంచీ ఉంది. ప్రపంచంలో మిగతావాళ్ళు కెమెరా గురించి కొట్టుకుంటుంటే ఇక్కడి ఎక్స్‌బాక్స్ ఆటగాళ్ళకు అసలు కొనే అవకాశమే లేకపోయింది.

ఎక్స్‌కామ్

అభిమానుల నిరసన ఫలించిందనడానికి ఉదాహరణగా ఎక్స్‌కామ్‌ను చూపుతుంటారు. జూలియన్ గోలప్ రూపొందించిన దాని తొలి గేమ్, 1994 నాటి యూఎఫ్‌ఓ: ఎనిమీ అన్‌నోన్, గ్రహాంతరవాసుల దాడిని ఎదుర్కొనే వంతులవారీ వ్యూహ గేమ్. ఒక తప్పు అడుగుతో, పేరు పెట్టి పెంచుకున్న సైనికుడు శాశ్వతంగా పోతాడు. ఆ కాఠిన్యమే దాని రుచి. 2010లో 2కే సంస్థ ఎక్స్‌కామ్ పేరుతో 1950ల నేపథ్యంలో ఫస్ట్ పర్సన్ షూటర్ వస్తోందని ప్రకటించింది. ఎందుకిలా అని అడిగినవారికి మరుసటి ఏడాది ఆ సంస్థ అధిపతి క్రిస్టాఫ్ హార్ట్‌మన్ ఇచ్చిన జవాబు మంటను ఎగదోసింది. వ్యూహ గేమ్‌లు ఈ కాలానికి తగ్గవి కావన్నది దాని సారాంశం.

2012 జనవరిలో అదే సంస్థకు చెందిన ఫిరాక్సిస్ స్టూడియో వంతులవారీ ఎక్స్‌కామ్: ఎనిమీ అన్‌నోన్‌ను ప్రకటించింది. అక్టోబరులో విడుదల చేసింది. అభిమానుల కేకలకు జడిసి సంస్థ దిగివచ్చిందన్న కథ అప్పటి నుంచి ప్రచారంలో ఉంది. అది సగమే నిజం. ఫిరాక్సిస్‌లో జేక్ సాలమన్ బృందం షూటర్ ప్రకటనకు ముందు నుంచే దానిమీద పనిచేస్తోంది. నిరసన వల్ల జరిగిందేమిటంటే, ఆ గేమ్‌కు కొనేవాళ్ళున్నారని అమ్మకాల విభాగానికి ముందే తెలిసింది. తమాషా ఏమంటే ఫిరాక్సిస్ కూడా పాత గేమ్‌ను ఎత్తి దింపలేదు. అడుగడుక్కీ ఖర్చయ్యే సమయపు లెక్కలను తీసేసింది, పటాలాన్ని ఆరుగురికి కుదించింది. మొదట్లో పెదవి విరిచినవారే తరవాత దాన్ని ఆదర్శంగా చూపడం మొదలుపెట్టారు. షూటర్‌గా మొదలైన గేమ్ రూపం మార్చుకుని 2013 ఆగస్టులో ది బ్యూరో పేరుతో వచ్చింది. ఎవరికీ పెద్దగా గుర్తులేదు.

వట్టివైన భయాలు, కానివి

నింటెండో వారి మెట్రాయిడ్ సిరీస్‌లో 1994 తరవాత ఎనిమిదేళ్ళు కొత్త గేమ్ రాలేదు. పక్కనుంచి కనబడే ఆ గేమ్‌ను కంటిచూపు కోణంలోకి మారుస్తున్నారని, అదీ అప్పటికి ఒక్క గేమూ విడుదల చేయని టెక్సస్‌లోని రెట్రో స్టూడియోస్‌కు అప్పగించారని తెలిసి అభిమానులు నెత్తీనోరూ బాదుకున్నారు. 2002 నవంబరులో వచ్చిన మెట్రాయిడ్ ప్రైమ్ ఆ తరంలో ఎంచదగ్గ గేమ్‌లలో ఒకటైంది. డూమ్ సంగతీ అంతే. 2016లో విడుదలకు ముందు జరిపిన మల్టీప్లేయర్ పరీక్షకు స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలో చీవాట్లు పడ్డాయి. విమర్శకులకు ముందుగా కాపీలు ఇవ్వకపోవడంతో ఏదో దాస్తున్నారన్న అనుమానం బలపడింది. మే నెలలో చేతికొచ్చాక ఒంటరిగా ఆడే భాగం 1993 నాటి వేగాన్ని, మొరటుతనాన్ని తిరిగి తెచ్చిందని అందరూ ఒప్పుకున్నారు.

దీన్ని సూత్రంగా పట్టుకోలేం. 2015లో మెట్రాయిడ్ ప్రైమ్: ఫెడరేషన్ ఫోర్స్ ప్రకటన వచ్చినప్పుడు దాన్ని రద్దు చేయాలని వేలమంది పిటిషన్ మీద సంతకాలు పెట్టారు. కథానాయిక సామస్ పక్కకు పోయి, పేరులేని సైనికులు జట్టుగా కాల్చుకునే గేమ్ అది. 2016లో వచ్చింది, ఎవరూ కొనలేదనే చెప్పాలి. ఇక్కడ అభిమానుల కొలమానం సరిగ్గానే పనిచేసింది. కాకపోతే వారు తప్పుపట్టింది కెమెరాను కాదు, ఏళ్ళ తరబడి ఎదురుచూసినవారి ముందు పెట్టిన సరుకును.

షరతుల మీద అనుమానం

డయాబ్లో 3 కథ ఈ వ్యాసానికి కీలకం. 2008 జూన్‌లో పారిస్‌లో బ్లిజార్డ్ దాన్ని ప్రకటించింది. 2000లో వచ్చిన డయాబ్లో 2తో పోలిస్తే రంగులు ఎక్కువయ్యాయని, చీకటి తగ్గిందని పెద్ద గగ్గోలు లేచింది. పిటిషన్ నడిచింది. అభిమానులు తామే తెరచిత్రాలకు మసి పూసి, ఇలా ఉండాలని చూపించారు. బ్లిజార్డ్ దీన్ని వేళాకోళంగా తీసుకుంది. ఇంద్రధనుస్సులు, ఒంటికొమ్ము గుర్రాలతో ఒక రహస్య లోకాన్నే గేమ్‌లో పెట్టింది.

2012 మే 15న విడుదలయ్యాక రంగుల గురించి మాట్లాడేవారు కనబడలేదు. ఒంటరిగా ఆడాలన్నా ఇంటర్నెట్ కనెక్షన్ తప్పనిసరి చేయడంతో మొదటిరోజున సర్వర్లు చేతులెత్తేశాయి. లక్షలమంది డబ్బు కట్టి, ఎర్రర్ 37 అన్న సందేశం చూస్తూ కూర్చున్నారు. గేమ్‌లో దొరికే ఆయుధాలను నిజమైన డబ్బుకు కొనే, అమ్మే వేలం అంగడి ఇంకా లోతైన దెబ్బ కొట్టింది. రాక్షసులను చంపి వస్తువులు సంపాదించడమే గేమ్ సారం. మంచి వస్తువులు అంగడిలో దొరుకుతుంటే రాక్షసుల దగ్గర పని తక్కువ. 2014 మార్చిలో బ్లిజార్డ్ ఆ అంగడిని మూసేసింది, తరవాతే గేమ్ కోలుకుంది. ఎప్పుడూ ఆన్‌లైన్‌లో ఉండాలన్న నిబంధన మీద 2011 నుంచే హెచ్చరికలు వచ్చాయి. రంగుల మీద నవ్వుకున్న సంస్థ వీటినీ అదే చెవితో విన్నట్టుంది.

2018 నవంబరులో బ్లిజార్డ్ వారి బ్లిజ్‌కాన్ సభలో ఇంకో రభస జరిగింది. డయాబ్లో 4 కోసం టికెట్లు కొని వచ్చినవారి ముందు ఫోన్‌లో ఆడే డయాబ్లో ఇమ్మోర్టల్‌ను ప్రకటించారు. హాలు గొణిగింది. మీ దగ్గర ఫోన్లు లేవా అని వేదిక మీంచి వచ్చిన ప్రశ్న సామెతలా నిలిచిపోయింది. ఫోనే మొదటి గేమ్ యంత్రమైన మనలాంటి దేశంలో ఆ ప్రశ్న అంత వింతగా వినిపించదు. అక్కడి అభిమానులు ఉలిక్కిపడింది ఫోన్‌ను చూసి మాత్రమే కాదు, ఫోన్ గేమ్‌ల వెంట వచ్చే వసూళ్ళ పద్ధతిని తలచుకుని. 2022 జూన్‌లో గేమ్ వచ్చాక రచ్చ సరిగ్గా ఆ వసూళ్ళ మీదే జరిగింది. ఆదాయం మాత్రం దండిగా వచ్చింది.

ఇదే బ్లిజార్డ్ 2020 జనవరిలో వార్‌క్రాఫ్ట్ 3: రీఫోర్జ్‌డ్ తెచ్చింది. ప్రకటనలో చూపించిన కొత్త సినిమా దృశ్యాలు చేతికొచ్చిన గేమ్‌లో లేవు. ర్యాంకులు, క్లాన్‌లు వంటి పాత సౌకర్యాలు మొదట్లో మాయమయ్యాయి. పైగా 2002 నాటి గేమ్ ముందే కొన్నవారికి కూడా కొత్త ప్రోగ్రామ్ తప్పనిసరైంది. ఆటగాళ్ళు తయారుచేసే మ్యాపులన్నీ సంస్థ సొత్తేనని కొత్త నిబంధన వచ్చింది. పేరుమోసిన డోటా గేమ్ పుట్టింది వార్‌క్రాఫ్ట్ 3లో అభిమానులు చేసిన మ్యాపుగానే కాబట్టి ఆ నిబంధన ఎవరికోసమో చెప్పనక్కర్లేదు. సమీక్షల సైటు మెటాక్రిటిక్‌లో వినియోగదారుల మార్కులు పదికి ఒకటి కన్నా కిందికి పడ్డాయి. అడిగినవారికి డబ్బు వెనక్కిచ్చారు. అంతకు ముందు 2013 మార్చిలో ఈఏ సంస్థ సిమ్‌సిటీ కూడా ఇంటర్నెట్ షరతుతోనే వచ్చి, సర్వర్లు నిలబడక పరువు పోగొట్టుకుంది. ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు కల్పించడానికి ఏడాది పట్టింది. రెండేళ్ళకు ఫిన్లండ్ నుంచి సిటీస్: స్కైలైన్స్ వచ్చి ఆ చోటును ఆక్రమించింది.

గ్రాండ్ థెఫ్ట్ ఆటో (జీటీఏ) విషయం తెలుగువారికి ఇంకా దగ్గరిది. 2000లలో మన పట్టణాల నెట్ సెంటర్లలో, ఇంటికి కొత్తగా వచ్చిన కంప్యూటర్ల మీద వైస్ సిటీ ఆడని కుర్రాళ్ళు అరుదు. ఆడినవాటిలో కొన్న కాపీలు ఎన్నని అడగకపోవడం మర్యాద. ఆ గేమ్‌తో పాటు జీటీఏ 3, శాన్ ఆండ్రియాస్ కలిపి రాక్‌స్టార్ 2021 నవంబరు 11న ఒక కట్టగా తెచ్చింది. పని చేసింది గ్రోవ్ స్ట్రీట్ గేమ్స్ అనే చిన్న స్టూడియో. వాన పడితే తెర కనబడదు, ముఖాలు బొమ్మల కొలువులో బొమ్మల్లా ఉబ్బాయి, దుకాణాల బోర్డుల మీద అక్షరాలు తప్పులు పోయాయి. ఇవన్నీ దిద్దుకోదగ్గవే. పాత గేమ్‌లను ఆన్‌లైన్ దుకాణాల నుంచి ముందుగానే తీసేయడం, అభిమానులు ఏళ్ళుగా చేసుకున్న మార్పుచేర్పులను (మాడ్‌లను) అదే ఏడాది తొలగింపజేయడం అసలు కడుపుమంట. పోటీ లేకుండా చేసి మరీ నాసిరకం అమ్మారన్న ఆరోపణకు సంస్థ దగ్గర జవాబు లేకపోయింది. పదిరోజులు తిరక్కముందే క్షమాపణ చెప్పి, పాత గేమ్‌లను కంప్యూటర్ కోసం తిరిగి అమ్మకానికి పెట్టింది.

ఎదురుచూపు, ముందస్తు చందా

డ్యూక్ న్యూకెమ్ ఫరెవర్ 1997లో ప్రకటించి 2011 జూన్‌లో వచ్చింది. మధ్యలో 2009లో 3డి రెల్మ్స్ తన బృందాన్ని ఇంటికి పంపేసింది, వ్యవహారం కోర్టుకెక్కింది, చివరకు గేర్‌బాక్స్ చేతిలో పూర్తయింది. పద్నాలుగేళ్ళలో హాస్యం పులిసిపోయింది. అభిమానుల ఆశలు ఎక్కువై గేమ్ చిన్నబోయిందన్న సమర్థన అప్పుడు వినిపించింది గాని, ఆ గేమ్ ఏ ఆశా లేనివారికీ నచ్చలేదు.

ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ ఎదురుచూపును తెలివిగా వాడుకుంది. 2005లో ప్లేస్టేషన్ 3 శక్తి చూపడానికి 1997 నాటి గేమ్ తొలి దృశ్యాన్ని కొత్త హంగులతో ప్రదర్శించినప్పుడు మొదలైన ఆశ, 2015లో ప్రకటనగా, 2020 ఏప్రిల్‌లో గేమ్‌గా మారింది. ఒక కథను పలు గేమ్‌లుగా కోసి అమ్ముతున్నారన్న అనుమానం మొదట్లో గట్టిగానే ఉండేది. గేమ్‌లో ముసుగు దెయ్యాలు కొన్ని, కథ పాతదారి తప్పబోయినప్పుడల్లా అడ్డుపడి సరిచేస్తుంటాయి. చివరికి నాయకుడి బృందం వాటితోనే తలపడుతుంది. అవి పాత అభిమానులేనని చాలామంది చదువుకున్నారు. అభిమానుల బెంగను పాత్రగా మార్చి యుద్ధానికి దింపిన రీమేక్ ఇంకొకటి తోచదు.

2012 నుంచి కిక్‌స్టార్టర్ ఈ లెక్కను కొంత మార్చింది. పబ్లిషర్ వద్దన్న గేమ్‌కు అభిమానులే ముందుగా డబ్బు కట్టవచ్చు. 1988 నాటి వేస్ట్‌ల్యాండ్‌కు బ్రయన్ ఫార్గో ఈ పద్ధతిలోనే రెండో భాగం తెచ్చాడు. 2013లో కేజి ఇనఫునే తన మెగా మ్యాన్‌ను తలపించే మైటీ నెం. 9 కోసం 38 లక్షల డాలర్లకు పైగా కూడగట్టాడు. పలుమార్లు వాయిదాపడి 2016 జూన్‌లో వచ్చిన ఆ గేమ్‌లో మెగా మ్యాన్ నీడ తప్ప ఏమీ లేదు. షెన్మూ 3కు 2015లో 69 వేలమందికి పైగా కలిసి 63 లక్షల డాలర్లు ఇచ్చారు. ఆ సిరీస్ సృష్టికర్త యు సుజుకి 2019 నవంబరులో వాళ్ళకు ఇచ్చింది అచ్చంగా 2001లో ఆగిన చోటు నుంచే మొదలయ్యే గేమ్, అప్పటి నెమ్మదితో, అప్పటి మొండి సంభాషణలతో సహా. కొత్తవారికి విసుగు, చందాదారుల్లో చాలామందికి సంతోషం. అయినా గొడవ తప్పలేదు. కంప్యూటర్ కాపీ స్టీమ్‌లో వస్తుందని నమ్మి డబ్బు కట్టినవారికి అది మొదట ఎపిక్ దుకాణంలోనే దొరుకుతుందని ఆలస్యంగా చెప్పారు. ఇదీ షరతుల గొడవే. బ్లడ్‌స్టెయిన్డ్ బృందం విమర్శను ఎదుర్కొన్న తీరు మాత్రం ముచ్చటగా ఉంటుంది. బొమ్మలు బాగాలేవన్న మాటలను 2019లో తమ ట్రైలర్‌లోనే వరసగా చూపించి, వెంటనే మెరుగుపరచిన దృశ్యాలను పక్కన పెట్టింది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా, భారతీయ స్టూడియోలు

పాత డాస్ కంప్యూటర్లు చూసినవారికి జోర్డన్ మెక్నర్ చేసిన 1989 నాటి ప్రిన్స్ తెలుసు. తరవాతి తరానికి తెలిసింది యూబీసాఫ్ట్ మాంట్రియల్ 2003లో చేసిన ది శాండ్స్ ఆఫ్ టైమ్. 2020 సెప్టెంబరులో దాని రీమేక్‌ను ప్రకటించినప్పుడు, తయారీ బాధ్యత యూబీసాఫ్ట్ పుణె, ముంబయి స్టూడియోలదని చెప్పారు. అప్పటిదాకా ఎక్కువగా ఇతర స్టూడియోల గేమ్‌లకు సాయం చేస్తూ వచ్చిన భారతీయ బృందాలకు ఇంత పేరున్న గేమ్‌ను ముందుండి నడపడం పెద్ద మలుపు. ట్రైలర్ చూసిన అభిమానులు ఆ సంగతి పట్టించుకోలేదు. ముఖాలు, వెలుతురు ఒక తరం వెనకబడి ఉన్నాయన్నారు. ట్రైలర్‌ను బట్టి చూస్తే ఆ మాట కాదనలేం.

2021 జనవరిలో రావలసింది మార్చికి, తరవాత తేదీ లేకుండా వాయిదా పడింది. 2022 మేలో పని మాంట్రియల్‌కు తరలిపోయింది. ప్రకటించిన ఐదేళ్ళకు కూడా గేమ్ దుకాణాలకు చేరలేదు. పుణె, ముంబయి బృందాలకు ఎంత సమయం, ఎంత బడ్జెట్ ఇచ్చారో బయటివారికి తెలియదు కాబట్టి తప్పంతా వారిదేనని తీర్పు చెప్పడం తొందరపాటే. మొదటి పరీక్షగా ఇంత బరువైన పేరును ఎంచుకోవడం మాత్రం యాజమాన్యం నిర్ణయం.

ఈలోగా మాంపెలియర్ స్టూడియో చేసిన ది లాస్ట్ క్రౌన్ ప్రకటన 2023 జూన్‌లో వచ్చింది. శాండ్స్ ఆఫ్ టైమ్ అడిగితే పక్కనుంచి కనబడే గేమ్ ఇస్తారా అని, ట్రైలర్‌లో ఆ హిప్‌హాప్ పాటేమిటని డిస్‌లైకులు కురిశాయి. 2024 జనవరిలో గేమ్ ఆడినవారు దాన్ని ఆకాశానికెత్తారు. అమ్మకాలు సంస్థ ఆశించినంత లేకపోవడంతో ఆ ఏడాదే బృందాన్ని చెదరగొట్టి ఇతర ప్రాజెక్టులకు పంపారు. అనుమానం వట్టిదని తేలిన తరవాత కూడా దానికి మూల్యం చెల్లించవలసి రావచ్చని ఈ గేమ్ వల్ల తెలిసింది. ట్రైలర్ తిట్టినవారిలో ఎందరు వెనక్కొచ్చి కొన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

అభిమానులే చేసినప్పుడు

అనుమానం తక్కువగా కనబడే సందర్భం ఒకటుంది, పని అభిమానుల చేతికే వచ్చినప్పుడు. సోనిక్ పాత గేమ్‌లను సొంతంగా కొత్త యంత్రాల మీద నడిపి చూపించిన క్రిస్టియన్ వైట్‌హెడ్‌ను సెగా పనిలోకి తీసుకుంది. అతను తనలాంటి ఇంకొందరితో కలిసి 2017 ఆగస్టులో సోనిక్ మేనియా తెచ్చాడు. పరుగులో పాత ఊపు తిరిగొచ్చింది. వాల్వ్ సంస్థ తన 1998 నాటి హాఫ్-లైఫ్‌ను బ్లాక్ మెసా పేరుతో మళ్ళీ కట్టిన అభిమానులకు దాన్ని అమ్ముకోవడానికి అనుమతిచ్చింది, 2020లో పూర్తయింది. నింటెండో దారి వేరు. మెట్రాయిడ్ 2ను ఒక అభిమాని ఏళ్ళపాటు ఒళ్ళు వంచి చేసిన రీమేక్ 2016 ఆగస్టులో ఉచితంగా బయటికి రాగానే నోటీసులిచ్చి తీయించేసింది. మరుసటి ఏడాది అదే గేమ్‌కు తన సొంత రీమేక్ విడుదల చేసింది. 2017లో కేవలం పేరు చూపించి ప్రకటించిన మెట్రాయిడ్ ప్రైమ్ 4ను, 2019లో చేసినదంతా పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెడుతున్నామని బహిరంగంగా చెప్పి, 2025 డిసెంబరులో ఇచ్చింది కూడా నింటెండోనే. అభిమానులు ఆ ఆలస్యాన్ని మెచ్చుకున్నంతగా మరే ఆలస్యాన్నీ మెచ్చుకోలేదు.

వీటన్నిటిలో సాఫీగా సాగింది ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ప్రయాణం. 1999 నాటి ఆ గేమ్‌ను తయారుచేసిన ఎన్‌సెంబుల్ స్టూడియోస్‌ను మైక్రోసాఫ్ట్ 2009లో మూసేసింది. ఫర్గాటెన్ ఎంపైర్స్ పేరుతో అభిమానులు సొంతంగా చేసిన మాడ్ 2013లో అధికారిక విస్తరణగా మారింది. మొదటిసారి భారతీయులు అనే నాగరికత గేమ్‌లోకి వచ్చింది దానితోనే. అదే బృందం పనిచేసిన డెఫినిటివ్ ఎడిషన్ 2019 నవంబరులో వచ్చింది. పాత నియమాలను కదపలేదు, అప్పుడు పాత వెర్షన్‌ను దుకాణం నుంచి గెంటలేదు. 2022 ఏప్రిల్‌లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా విస్తరణ ఆ ఒక్క భారతీయ నాగరికతను హిందుస్తానీలు, బెంగాలీలు, గుర్జరులు, ద్రావిడులుగా విడదీసింది. ద్రావిడులకు ఉరుమి పట్టిన యోధులు, తిరిసడై ఓడలు, రాజేంద్ర చోళుడి దండయాత్రలు దక్కాయి. ఓరుగల్లు కాకతీయులను ఆడాలనుకునే తెలుగు కుర్రాడు కూడా ఎంచుకోవలసింది ఆ ద్రావిడులనే. మనవాళ్ళను వేరుగా పెట్టమని అడిగే అభిమానులకు ఇంకా పని మిగిలే ఉంది.